'నలుగురు ఏమనుకుంటారో' అన్న భయానికి దుఆ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం అసర్ నమాజ్ తర్వాత మా ఇంట్లో పది పన్నెండు మంది ఆడవాళ్ళం కూర్చుని ఖుర్ఆన్ అర్థంతో చదువుకుంటాం. ఏ సూరాతో (అధ్యాయంతో) మొదలుపెట్టినా మాట చివరికి ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది: "అంతా బాగానే ఉంది అక్కా, కానీ నలుగురు ఏమనుకుంటారో!" ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్ళు "లోగాఁ క్యా బోలింగే" అంటారు, మిగతావాళ్ళం తెలుగులో అంటాం. భయం మాత్రం ఒకటే. ఇన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నల్ని ఒకచోట పెడితే బాగుంటుందని రాస్తున్నాను. నేను ఆలిమాను (మత పండితురాలిని) కాను, చదువుకుంటున్నదాన్ని. మస్అలాల (మత నియమాల) దగ్గర సందేహం వస్తే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి.

జనం మాటల భయానికని ప్రత్యేకంగా ఒక దుఆ ఉందా?

దుఆ అంటే అల్లాహ్‌ను వేడుకునే మాట. ఆ పేరు పెట్టిన దుఆ అంటూ లేదు. కానీ సరిగ్గా ఆ భయమే పట్టుకున్నవాళ్ళు చేసిన దుఆలు ఉన్నాయి. ఒక్కటే నేర్చుకోవాలంటే మూసా (అలైహిస్సలాం) దుఆ నేర్చుకోండి. సూరా తాహాలో 25 నుంచి 28 వరకు నాలుగు చిన్న ఆయతులు (వాక్యాలు):

"రబ్బిష్‌రహ్ లీ సద్రీ, వ యస్సిర్ లీ అమ్రీ, వహ్లుల్ ఉఖ్దతమ్ మిల్లిసానీ, యఫ్ఖహూ ఖౌలీ."

ప్రభూ, నా గుండెను విశాలం చెయ్యి. నా పనిని నాకు తేలిక చెయ్యి. నా నాలుక ముడి విప్పు, వాళ్ళకు నా మాట అర్థమయ్యేలా.

మూసా ప్రవక్త కదా! ఆయన భయం, మన భయం ఒకటేనా?

చాలామంది ఈ దుఆను పరీక్షల ముందు, స్టేజీ ఎక్కే ముందు చదివే దుఆగానే ఎరుగుదురు. దాని వెనక ఉన్న కథ తెలిస్తే అది ఇంకా దగ్గరవుతుంది.

మూసా ఈజిప్టు రాజు ఫిరౌన్ ఇంట్లోనే పెరిగారు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన చేతి దెబ్బకు ఒక మనిషి చనిపోయాడు. ఊరు విడిచి మద్‌యన్ వెళ్ళిపోయారు, అక్కడే పెళ్ళి, గొర్రెల కాపు. కొన్నేళ్ళ తర్వాత అల్లాహ్ ఆయన్ను పంపింది ఎక్కడికి? మళ్ళీ ఆ ఇంటికే. తనను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళ దగ్గరికి, తన తప్పు ఇంకా మరిచిపోని వాళ్ళ దగ్గరికి. కొత్త ఊళ్ళో కొత్తవాళ్ళ ముందు మాట్లాడటం ఒక ఎత్తు, మన పాత సంగతులన్నీ తెలిసిన బంధువుల మధ్యకు వెళ్ళి నోరు విప్పడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే మూసాకు వచ్చింది.

అప్పుడు ఆయన ఏమన్నారో సూరా షుఅరాలో (26:12–14) ఉంది: వాళ్ళు నన్ను అబద్ధాలకోరు అంటారని భయంగా ఉంది, నా గుండె ఇరుకైపోతోంది, నా నాలుక ఆడటం లేదు, వాళ్ళ దృష్టిలో నా మీద ఒక నేరం కూడా ఉంది, నన్ను చంపేస్తారేమో. చూడండి, ఆయన ఏదీ దాచలేదు. "నాకేం భయం లేదు" అని ధైర్యం నటించలేదు. ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో, గుండెలో, నాలుక మీద, గతంలో, ఒక్కొక్కటిగా అల్లాహ్‌కు చెప్పుకున్నారు. తర్వాత ఒక తోడు అడిగారు: నా అన్న హారూన్‌ను కూడా పంపు అని.

నేను అందరికీ మొదట చెప్పేది ఇదే. దుఆ మొదలుపెట్టే ముందు మీ భయాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి. "యా అల్లాహ్, రేపు ఆడపడుచు ఇంటికి వెళ్ళాలి, మా ఆయన ఉద్యోగం సంగతి అడుగుతారని కడుపులో తిప్పుతోంది" అని. ఆయనకు ఎలాగూ తెలుసు. అయినా మూసా అంతటివారే వివరంగా చెప్పుకున్నప్పుడు మనకేం మొహమాటం?

దుఆ చేశాను. అయినా జనం అంటూనే ఉన్నారు. కబూల్ కాలేదా (అల్లాహ్ అంగీకరించలేదా)?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ గొంతులో బాధ తెలుస్తుంది. ముందు ఒక మాట చెబుతాను. మూసా దుఆ కబూల్ అయింది, అందులో సందేహమే లేదు. తాహాలోనే 36వ ఆయత్: "మూసా, నువ్వు అడిగింది నీకు ఇచ్చాం." మరి ఆ తర్వాత ఫిరౌన్ నోరు మూసుకున్నాడా? లేదు. "పసివాడిగా మా మధ్యే కదా నిన్ను పెంచింది, ఆ చేసిన పని కూడా చేశావు" అని మొహం మీదే పాతది తవ్వాడు (26:18–19). సూరా జుఖ్రుఫ్‌లో (43:52) తన జనం ముందు, ఇతనెంత నీచుడు, సరిగ్గా మాట్లాడటం కూడా రాదు అని వెక్కిరించాడు. సరిగ్గా మూసా భయపడిన చోటే కొట్టాడు, నాలుక మీద.

అంటే దుఆ కబూల్ అయ్యాక కూడా వెక్కిరింత వచ్చింది. కానీ ఆ వెక్కిరింత మూసా పనిని ఆపలేకపోయింది. ఆయన అడిగింది ఫిరౌన్ నోరు కట్టేయమని కాదు, తన గుండె విశాలం చేయమని. ఇరుకు గదిలో ఒక్క బిందె పెట్టినా నడవలేం, అదే బిందె పెద్ద వాకిట్లో ఒక మూలకు పడి ఉంటుంది. మాట అదే, చోటు పెరుగుతుంది. నాకు అర్థమైన 'షర్హె సద్ర్' (గుండె విశాలం కావడం) అంటే అదే.

ఇంకొకటి. ఆయన గొప్ప వక్త కావాలని అడగలేదు. "ఒక ముడి విప్పు, వాళ్ళకు అర్థమైతే చాలు" అన్నారు. అవసరమైనంతే అడిగారని తఫ్సీర్ (ఖుర్ఆన్ వ్యాఖ్యానం) రాసిన పెద్దలు కొందరు ఇక్కడ ప్రత్యేకంగా ఆగి చెప్పారు. మీటింగ్‌లో మాట్లాడటానికి భయపడే అమ్మాయిలకు నేను ఇది బాగా చెబుతాను. మెచ్చుకోవాలని కాదు, అర్థం కావాలని అడగండి. అక్కడే సగం బరువు దిగుతుంది.

ఇలా భయపడటం ఈమాన్ (విశ్వాసం) తక్కువని గుర్తా?

కాదు. సూరా హిజ్ర్‌లో (15:97–98) అల్లాహ్ మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)తో అన్న మాట: వాళ్ళు అనేవాటి వల్ల నీ గుండె ఇరుకైపోతోందని మాకు తెలుసు, నీ ప్రభువు పవిత్రతను కొనియాడు, సజ్దా (సాష్టాంగం) చేసేవారిలో ఉండు. అందులో మందలింపు లేదు. 'మాకు తెలుసు' అన్న ఓదార్పు ఉంది, వెంటనే సజ్దా అనే దారి ఉంది. మూసా, హారూన్ ఇద్దరూ ఫిరౌన్ దగ్గరికి బయలుదేరే ముందు "మాకు భయంగా ఉంది" అంటే వచ్చిన జవాబు కూడా అలాంటిదే: "భయపడకండి, నేను మీ ఇద్దరితో ఉన్నాను, వింటున్నాను, చూస్తున్నాను" (20:46). జనం చూస్తున్నారని వణికేవాళ్ళకు, నేను చూస్తున్నాను అన్న ఆ మాట ఎంత చల్లగా ఉంటుందో!

ఎప్పుడు, ఎలా చదవాలి?

పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ప్రవక్త (స)కు ఏదైనా విషయం భారంగా అనిపిస్తే నమాజ్‌కు నిలబడేవారని హుజైఫా (రజి) చెప్పిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం) అబూ దావూద్ సంకలనంలో ఉంది. కాబట్టి వీలుంటే వుజూ చేసి (ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని) రెండు రకాతుల నఫిల్ (ఐచ్ఛిక నమాజ్) చదవండి. దాసుడు తన ప్రభువుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది సజ్దాలో, అక్కడ ఎక్కువగా దుఆ చేయండి అని 'ముస్లిం' అనే హదీసు సంకలనంలో ఉంది. అయితే సజ్దాలో ఖుర్ఆన్ పఠించవద్దనీ హదీసు ఉంది. మూసా దుఆ ఖుర్ఆన్ ఆయతే కాబట్టి దాన్ని నమాజ్ చివర కూర్చుని చదివే అత్తహియ్యాతు, దురూద్ అయ్యాక, సలాం తిప్పి నమాజ్ ముగించేముందు చదవడం మంచిది. సలాం తర్వాత చేతులెత్తి చదివినా సరే.

మా అక్క కూతురు కాలేజీలో ఇంటర్వ్యూ రోజు ఫజర్‌కు లేచింది. కుళాయి దగ్గర ఎడమ చెయ్యి మోచేతి దాకా కడిగింది, మళ్ళీ కడిగింది, మళ్ళీ కడిగింది. టెన్షన్‌లో ఎన్నిసార్లు కడిగిందో దానికే గుర్తులేదు. నీళ్ళు చుడీదార్ చేతి మీదుగా కారి నడుము దాకా తడిసింది. నేను కుళాయి కట్టేసి "ఇక చాలమ్మా, పద" అన్నాను. నమాజ్ అయ్యాక ముసల్లా (నమాజ్ చాప) మీదే కూర్చుని "పిన్నీ, వాళ్ళు నా ఇంగ్లిష్ విని నవ్వుతారు" అంది. "ఇది నాకు చెప్పావు కదా, ఇదే ఇప్పుడు చేతులెత్తి చెప్పు" అన్నాను. అది ఏడుస్తూ అరబ్బీ సగం, తెలుగు సగం చెప్పుకుంది. ఆ రోజు ఉద్యోగం రాలేదు. కానీ లోపలికి వెళ్ళింది, కూర్చుంది, అడిగినవాటికి జవాబు చెప్పి వచ్చింది. అంతకుముందు రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసిన పిల్ల అది.

అప్పటికప్పుడు, మెట్ల మీద నిలబడి, లిఫ్ట్‌లో ఉండగా అనుకోవడానికి "హస్బునల్లాహు వ నిఅమల్ వకీల్" ఉంది. మాకు అల్లాహ్ చాలు, బాధ్యత అప్పగించడానికి ఆయన ఎంత మంచివాడు అని అర్థం. ఇబ్రాహీం (అలైహిస్సలాం)ను అగ్నిలో వేసినప్పుడు ఆయన అన్నదీ ఇదే, 'జనం మీ మీదికి కూడి వస్తున్నారు, భయపడండి' అన్న కబురు వచ్చినప్పుడు మన ప్రవక్త (స) అన్నదీ ఇదే అని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. ఆయత్ ఆలి ఇమ్రాన్‌లో 173.

తెలుగులో అడగవచ్చా?

తప్పకుండా. నమాజ్ బయట ఏ భాషలో అడిగినా దుఆనే. నమాజ్ లోపల మాత్రం అరబ్బీలోనే చేయాలని హనఫీ ఉలమా (హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయ పండితులు) చెబుతారు, మన వైపు ఎక్కువమంది హనఫీలే. నా మటుకు నేను అరబ్బీ పదాలు ముందు చదివి, ఆ వెంటనే తెలుగులో నా గోడు చెప్పుకుంటాను. కన్నీళ్ళు వచ్చేది రెండో దాంట్లోనే.

పెళ్ళి కాలేదని, పిల్లలు లేరని, తలాక్ అయిందని బంధువులు అనే మాటలు భరించలేకపోతున్నాను. ఏం చదవాలి?

ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) అన్న మాట చదవండి. ముందు ఆమె మీదికి ఏం వచ్చిందో గుర్తు చేసుకోండి.

ఒక ప్రయాణంలో హారం పోతే వెతుక్కుంటూ ఉండిపోయారు. ఆమె అంబారీలోనే ఉన్నారనుకుని బిడారం వెళ్ళిపోయింది. వెనక వస్తున్న సఫ్వాన్ (రజి) ఆమెను ఒంటె మీద కూర్చోబెట్టి, తాను ముందు నడుస్తూ తీసుకొచ్చారు. అంతే. మదీనాలో నోళ్ళు లేచాయి. ఆమె దాదాపు నెల రోజులు జబ్బుతో ఉన్నారు, ఊళ్ళో ఏమంటున్నారో ఆమెకే ఆలస్యంగా తెలిసింది. పుట్టింటికి వెళ్ళి రెండు రాత్రులు, ఒక పగలు కన్నీళ్ళు ఆగకుండా ఏడ్చారు. బుఖారీలోని ఆ పెద్ద హదీసులో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు ఒకటుంది: ఒక అన్సారీ స్త్రీ లోపలికి రావచ్చా అని అడిగి, వచ్చి, ఆమె పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. ఏం చెప్పింది, ఏం సలహా ఇచ్చింది అని హదీసులో లేదు. ఏడ్చింది, అంతే.

చివరికి తల్లిదండ్రుల ముందే ఆయిషా (రజి) అన్నారు: నేను నిర్దోషినని చెప్పినా మీరు నమ్మరు, యూసుఫ్ తండ్రి అన్న మాటే నాదీ. ఆ తండ్రి యఅఖూబ్ పేరు గుర్తు చేసుకుందామంటే ఆ దుఃఖంలో గుర్తు రాలేదట. "ఫ సబ్రున్ జమీల్, వల్లాహుల్ ముస్తఆను అలా మా తసిఫూన్." (యూసుఫ్ 12:18). ఇక అందమైన సహనమే, మీరు అంటున్నవాటి విషయంలో సాయం అడగాల్సింది అల్లాహ్‌నే.

ఆ తర్వాత సూరా నూర్ ఆయతులు దిగి ఆమె పవిత్రతను చాటాయి. ఆ ఆయతుల్లో (24:12) అల్లాహ్ విన్నవాళ్ళను కూడా నిలదీశాడు: ఆ మాట చెవిన పడగానే విశ్వాసులు ఒకరి గురించి ఒకరు మంచిగా ఎందుకు తలచలేదు, ఇది పచ్చి అబద్ధమని ఎందుకు అనలేదు? వలీమా విందులో పక్క కుర్చీలో కూర్చుని "ఆ పిల్లకు ఇంకా కుదరలేదట" అనేది మనమే కావచ్చు. మనం కూడా ఎవరికో ఆ నలుగురిలో ఒకరం.

నిజంగానే తప్పు చేశాను. అది బయటపడుతుందేమోనని భయం. దీనికి దుఆ చేయవచ్చా?

చేయవచ్చు, ముందు తౌబా (పశ్చాత్తాపం) చేసుకుని. ప్రవక్త (స) పొద్దునా సాయంత్రం విడవకుండా చదివిన దుఆలో ఈ ముక్క ఉందని ఇబ్నె ఉమర్ (రజి) చెప్పారు (అబూ దావూద్): "అల్లాహుమ్మస్తుర్ ఔరాతీ వ ఆమిన్ రౌఆతీ." అల్లాహ్, నా లోపాలను కప్పు, నా గుండె దడలను శాంతింపజెయ్యి. కప్పమని, భయం తీయమని రెండూ పక్కపక్కనే అడగడం చూడండి. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే మాత్రం వాళ్ళ హక్కు వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. డబ్బయితే డబ్బు. దుఆ దానికి బదులు కాదు.

ఆఫీసులో నమాజ్ చదవాలంటే అందరూ చూస్తారని సిగ్గుగా ఉంది. ఇంటికెళ్ళి ఖజా చేసుకుంటే (వేళ దాటాక చదువుకుంటే)?

వేళ దాటించకండి. మీరు భయపడేది నమాజ్‌కు కాదు, చాలాసార్లు దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న ఇబ్బందులకు. వాష్‌బేసిన్‌లో కాలు ఎత్తి కడుగుతుంటే ఎవరైనా తలుపు తీస్తారన్నది అందరికీ ఉన్న భయం. దానికి తేలిక దారి ఉంది. పొద్దున వుజూతో తోలు మేజోళ్ళు వేసుకుంటే ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఒక పగలు, ఒక రాత్రి వాటి మీద మసహ్ చేస్తే (తడి చేత్తో తుడిస్తే) సరిపోతుంది. మామూలు గుడ్డ సాక్సులకు ఈ సౌకర్యం లేదని హనఫీల మాట. ఖాళీగా ఉండే ఒక గది గురించి మీ మేనేజర్‌ను ఒకసారి మర్యాదగా అడగండి. పది నిమిషాల సంగతి. చాలామంది ఊహించినంత కష్టం కాదు, మొదటిసారి అడగడమే కష్టం. ఆ మొదటిసారికే "యస్సిర్ లీ అమ్రీ."

జనం కోసం మంచి పని మానేయడం కూడా రియానే అని ఫుజైల్ ఇబ్నె ఇయాజ్ (రహ్మతుల్లాహి అలైహ్) అన్నారు. చూపించుకోవడానికి చేయడమే రియా అనుకుంటాం. చూస్తారని మానేసినా మన లెక్కంతా జనం చుట్టూనే తిరుగుతున్నట్టు కదా!

ఎన్నిసార్లు చదవాలి? జనం నోరు మూతపడటానికి తావీజు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

మూసా దుఆకు ఇన్ని వందలసార్లని ఖుర్ఆన్‌లో గానీ హదీసులో గానీ లెక్క పెట్టలేదు. మూడుసార్లు మనసుపెట్టి చదివినా చాలు. 'జుబాన్ బందీ' (నోరు కట్టడం) అంటూ వేలకు వేలు తీసుకునేవాళ్ళ జోలికి వెళ్ళవద్దు. భయపడి ఉన్న మనిషి దగ్గర డబ్బు గుంజడం చాలా తేలిక, అలా మోసపోయిన ఇద్దరు నా ఎదుట కూర్చుని ఏడ్చారు. పైగా మూసా అడిగింది ఏమిటో పైన చూశాం. తన నాలుక విప్పమన్నారు గానీ ఎదుటివాడి నాలుక కట్టమనలేదు.

ఎవరైనా పొగిడినా నాకు టెన్షనే. నా అసలు రంగు తెలిస్తే ఏమంటారో అనిపిస్తుంది.

సహాబాల్లో (ప్రవక్త సహచరుల్లో) ఒకరు, తనను ఎవరైనా పొగిడినప్పుడు ఇలా అనేవారట, అదబుల్ ముఫ్రద్ అనే హదీసు పుస్తకంలో ఉంది: అల్లాహ్, వాళ్ళు అంటున్నదానికి నన్ను పట్టుకోకు, వాళ్ళకు తెలియనిదాన్ని క్షమించు. దీనికి కలిపి చదివే ముక్క ఇంకొకటి ఉంది: వాళ్ళు అనుకుంటున్నదానికన్నా నన్ను మంచివాడిగా చెయ్యి. నాకైతే ఇంతకన్నా నిజాయితీ ఉన్న మాట దొరకలేదు.

నెలసరి రోజుల్లో ఈ దుఆలు చదవవచ్చా?

చదవవచ్చు. నమాజ్ ఉండదు గానీ దుఆకు, జిక్ర్‌కు (దైవ స్మరణకు) అడ్డు లేదు. ఖుర్ఆన్ ఆయతుల్లో ఉన్న దుఆలను దుఆ నియ్యత్‌తో (ఉద్దేశంతో) చదవండి.

దుఆ చేస్తున్నా భయం తగ్గడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే తవక్కుల్ (అల్లాహ్ మీద భరోసా) లేనట్టేనా?

ఎంతమాత్రం కాదు. "అల్లాహ్ దాసులారా, వైద్యం చేయించుకోండి" అని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు. మూసా కూడా దుఆతో పాటు హారూన్‌ను తోడు అడిగారు కదా. కొందరికి డాక్టరే ఆ తోడు.

నలుగురిలోకి వెళ్ళాలంటే గుండె దడదడలాడటం, చెమటలు, చేతులు వణకడం, ఫోన్ ఎత్తడానికి కూడా భయం, ఇలా నెలల తరబడి సాగి చదువో ఉద్యోగమో మానుకునే దాకా వస్తే అది సిగ్గరితనం కాదు, చికిత్స ఉన్న ఇబ్బంది. కౌన్సెలింగ్‌తో చాలామందికి బాగా తగ్గుతుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ పేజీ చదవడం ఆపి ఇప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రసవ వేదనలో ఒంటరిగా, ఊరికి ఏం జవాబు చెప్పాలో తెలియక, ఈసా ప్రవక్త తల్లి మర్యమ్ (అలైహస్సలాం) కూడా "అయ్యో, దీనికి ముందే చచ్చిపోయినా బాగుండేదే" అన్నారు (19:23). ఆమెకు మొదట వచ్చిన మాట "దుఃఖపడకు". తర్వాత చెట్టు ఊపి ఖర్జూరం తినమని, నీళ్ళు తాగమని. తిండి, నీళ్ళు, ఊరట. ఆ తర్వాతే జనాన్ని ఎదుర్కోవడం.

నేను ముస్లింను కాను. ఈ మాటలు చదువుకోవచ్చా?

మా పక్కింటావిడ కూడా ఇదే అడిగింది. చదువుకోండి. ప్రభువు అందరి మొరా వింటాడు.

నా అరబ్బీ ఉచ్చారణ బాగోదు. తప్పు చదివితే నవ్వుతారని పైకి చదవను. ఏం చేయను?

ఇది నా ప్రశ్న కూడా. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో ఒక సందర్భంలో నన్ను సూరా ఫాతిహా చదవమన్నారు. 'వలద్దాల్లీన్' దగ్గర నాలుక తడబడింది. తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని, ఆ అక్షరం నోటికి పలికేది కాదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, తొమ్మిదేళ్ళు మనుషుల ముందు గొంతెత్తి ఒక్క ఆయత్ చదవలేదు.

తర్వాత మా వీధిలో పిల్లలకు చెప్పే ఆపా దగ్గర కూర్చున్నాను. నా చుట్టూ ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళ పిల్లలు. ఆపా మొదటి రోజు బుఖారీ, ముస్లింలో ఉన్న హదీసు చెప్పింది, అదీ ఆయిషా (రజి) చెప్పిందే: ఖుర్ఆన్ బాగా వచ్చినవారు గొప్ప దైవదూతలతో ఉంటారు, తడబడుతూ కష్టపడి చదివేవారికి రెండు పుణ్యాలు. "నీకు డబుల్" అంది. నాలుక అంచు పై దంతాల పక్కకు ఆనించి 'జ్వాద్' అక్షరం పలకమని, తన చెంప మీద వేలు పెట్టి చూపించింది. నేను పలికాను, తప్పు. మళ్ళీ పలికాను, మళ్ళీ తప్పు. పక్కనున్న చిన్నది తన చెంప మీద కూడా వేలు పెట్టుకుని "ఇక్కడ ఆంటీ, ఇక్కడ" అంది.